కాలేయ గడ్డ రిపోర్టులో ఒక్క ‘పాజిటివ్’ చూసి కేన్సర్ అని తేల్చవద్దు

సంపాదకుల వారికి నమస్కారం.

కాలేయంలో గడ్డ ఉందని స్కాన్‌లో తేలాక, సూదితో ముక్క తీసి పరీక్షకు పంపితే వచ్చే రిపోర్టులో ఇప్పుడు ‘హెప్‌పార్-1 పాజిటివ్, ఆర్జినేజ్-1 పాజిటివ్, గ్లిపికాన్-3 నెగెటివ్’ వంటి వరసలు ఉంటున్నాయి. వీటిని ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ మార్కర్లు అంటారు, వాడుకలో ఐహెచ్‌సీ. ఒక్కో ప్రొటీన్‌కే అతుక్కునే యాంటీబాడీని ముక్క మీద వేసి, అతుక్కున్నచోట రంగు వస్తే పాజిటివ్, రాకపోతే నెగెటివ్ అంటాం. రోగి బంధువులు ఈ వరసల్లో ‘పాజిటివ్’ అన్న మాట ఎన్నిచోట్ల ఉందో చూసి కేన్సర్ ఖాయమనుకుంటున్నారు, లేదా ‘నెగెటివ్’ చూసి గండం గడిచిందనుకుని మళ్లీ ఆసుపత్రి ముఖం చూడటం లేదు. రెండూ ప్రమాదమే. ఒక బోధనాసుపత్రి పాథాలజీ విభాగంలో ఏళ్లుగా కాలేయ బయాప్సీలు చూస్తున్న వ్యక్తిగా, ఈ మార్కర్లు నిజానికి ఏం చెబుతాయో, ఏం చెప్పలేవో మీ పాఠకులకు వివరించాలనీ, రిపోర్టులు రాసే మావాళ్లనూ ముక్క తీసి పంపే వైద్యులనూ ప్రభుత్వాన్నీ కొన్ని విషయాలు కోరాలనీ ఈ లేఖ రాస్తున్నాను.

ముందుగా ఎక్కువమందిని భయపెడుతున్న రెండు పేర్ల సంగతి చెబుతాను. శరీరంలో తయారయ్యే అమ్మోనియాను యూరియాగా మార్చే పని కాలేయ కణాలది. ఆ పనిలో పాల్గొనే ఎంజైముల్లో ఒకదాన్ని హెప్‌పార్-1 యాంటీబాడీ గుర్తిస్తుంది, ఆర్జినేజ్-1 అదే దారిలోని మరో ఎంజైము. కాబట్టి కాలేయ కణం ఎక్కడున్నా, అది ఆరోగ్యంగా ఉన్నా, సిరోసిస్‌తో పీచుకట్టి గట్టిపడిన కాలేయంలో ఉన్నా, కేన్సర్‌గా మారినా, చాలావరకు ఈ రెండింటికీ రంగు పడుతుంది. ఇవి పాజిటివ్ అయితే ‘ఈ ముక్కలో ఉన్నవి కాలేయ కణాలే, పేగు నుంచో ఊపిరితిత్తి నుంచో వచ్చి చేరిన కేన్సర్ కణాలు కావు’ అని మాత్రమే అర్థం. మంచి కణమా, చెడ్డ కణమా అన్న ప్రశ్నకు వీటి దగ్గర జవాబు లేదు. మీ కాలేయం నుంచి, నా కాలేయం నుంచి ముక్క తీసినా ఇవి పాజిటివ్‌గానే వస్తాయి.

ఆమధ్య ఒక పెద్దాయన కొడుకు, బయట ఎక్కడో చేయించిన రిపోర్టు పట్టుకుని మా విభాగానికి వచ్చాడు. “మేడమ్‌గారూ, రెండు పాజిటివ్‌లు వచ్చాయి కదండీ, నాన్నగారికి కేన్సర్ ఖాయమైపోయినట్టేనా?” అని అడిగాడు. ఆ రిపోర్టులో ఉన్న రెండు మార్కర్లూ పైన చెప్పినవే. చివర ‘మిగతా వివరాలతో సరిచూసుకోవాలి’ అన్న ఒక్క వాక్యం తప్ప నిర్ధారణ ఏమీ లేదు. పొలం తాకట్టు పెట్టి వైద్యానికి డబ్బు సిద్ధం చేసుకున్నామని కూడా చెప్పాడు. ముక్కను భద్రపరిచిన మైనపు బ్లాకు తెప్పించి మళ్లీ కోసి చూస్తే, అది సిరోసిస్ ఉన్న కాలేయంలో కణాలు తిరిగి పెరిగి కట్టిన గడ్డలా ఉంది. కేన్సర్‌ను సూచించే మార్కర్లేవీ పలకలేదు, అంటే వాటికి రంగు పడలేదు. అయినా అంతటితో వదిలేయకుండా, మూడు నెలలకు మళ్లీ స్కాన్ తీయించమని రాసి పంపాం. ఆ మొదటి రిపోర్టులో అబద్ధం ఒక్కటీ లేదు. ఉన్న నిజం మాత్రం ఆ కుటుంబానికి అవసరమైన నిజం కాదు.

కాలేయంలో గడ్డ కనబడగానే అందరికీ ముక్క తీయనక్కర లేదన్న మాట కూడా ఇక్కడే చెప్పాలి. సిరోసిస్ లేదా దీర్ఘకాలిక హెపటైటిస్-బి ఉన్నవారిలో, ఒక సెంటీమీటరు దాటిన గడ్డ, కాంట్రాస్ట్ మందు ఎక్కించి తీసిన సీటీ లేదా ఎంఆర్‌ఐలో మొదట ధమని రక్తంతో మెరిసి, తరవాతి దశలో చుట్టుపక్కల కాలేయం కన్నా మసకబారితే, ఆ నడకను బట్టే అది కాలేయ కేన్సర్ అని రేడియాలజిస్టులు చెప్పగలరు. శరీరంలోని తక్కిన గట్టి కణితుల విషయంలో ఇలా ముక్క చూడకుండా నిర్ధారణ చేయడం అరుదు. స్కాన్ ఎటూ తేల్చనప్పుడూ, సిరోసిస్ లేని కాలేయంలో గడ్డ ఉన్నప్పుడూ, ఇంకోచోటి కేన్సర్ ఇక్కడికి పాకిందన్న అనుమానం ఉన్నప్పుడూ ముక్క అవసరమవుతుంది. అంటే మా దగ్గరకు వచ్చేవి చాలావరకు తేలికగా తేలనివే. రక్తంలో ఏఎఫ్‌పీ (ఆల్ఫా ఫీటోప్రొటీన్) చూస్తే సరిపోదా అని కొందరు అడుగుతారు. కాలేయ కేన్సర్ ఉన్నవారిలో సుమారు మూడోవంతు మందికి అది మామూలుగానే ఉంటుంది, కేన్సర్ లేని హెపటైటిస్‌లో పెరగనూవచ్చు.

ముదిరిన కేన్సర్‌ను సూక్ష్మదర్శినిలో గుర్తుపట్టడానికి ఏ మార్కరూ అక్కర్లేదు. చిక్కంతా తొలిదశలోనే. రెండు సెంటీమీటర్ల లోపు ఉండే తొలి కేన్సర్ గడ్డకు సరైన హద్దు ఉండదు, కణాలు పక్కనున్న మంచి కణాలకు దాదాపు నకళ్లలా ఉంటాయి. కాస్త చిన్నవిగా, కాస్త ఒత్తుగా ఉంటాయంతే. కేన్సర్‌కు ఒక మెట్టు ముందు దశ అయిన హై గ్రేడ్ డిస్ప్లాస్టిక్ నాడ్యూల్ కూడా అలాగే ఉంటుంది. ఈ రెంటినీ విడదీయడంలో ప్రపంచంలోని నిపుణులే చాలాకాలం ఏకాభిప్రాయానికి రాలేకపోయారు. జపాన్ పాథాలజిస్టులు తొలిదశ కేన్సర్ అన్నదాన్నే పాశ్చాత్య దేశాలవారు ఇంకా కేన్సర్ కాని డిస్ప్లాస్టిక్ నాడ్యూల్ అనేవారు. 2002లో జపాన్‌లోని కురుమేలో మొదలైన అంతర్జాతీయ చర్చలు 2009లో ఒక ఉమ్మడి పత్రంగా వెలువడ్డాయి. కణాలు గడ్డలోపలి పోర్టల్ ప్రాంతాల్లోకి (రక్తనాళాలు, పిత్తనాళం కలిసి ఉండే చోట్లలోకి), పీచు కణజాలంలోకి చొచ్చుకుపోయి ఉంటే అది కేన్సర్ అని అందులో ఒప్పుకున్నారు. ఆ చొచ్చుకుపోవడాన్ని పట్టుకోవడానికి కూడా ఒక మార్కర్ సాయపడుతుంది. చొరబాటు లేనిచోట గడ్డ అంచున సన్నని పిత్తనాళికలు సైటోకెరటిన్-7తో గోధుమరంగులో గొలుసుకట్టుగా కనిపిస్తాయి, చొరబాటు జరిగినచోట ఆ గొలుసు తెగిపోతుంది. అయితే సూదితో తీసిన ముక్కలో ఆ అంచు దొరకడం అదృష్టాన్ని బట్టే ఉంటుంది.

మార్కర్ల కన్నా పాతదీ, చవకదీ అయిన ఒక పరీక్షను మావాళ్లు కొందరు మరిచిపోతున్నారు, అది రెటిక్యులిన్. వెండి లవణంతో వేసే ఈ రంగు, కాలేయ కణాల వరసలను నిలబెట్టే సన్నని పీచులను నల్లని గీతలుగా చూపిస్తుంది. పాదుకు పందిరి గుంజల్లా ఆ గీతలు ప్రతి ఒకటి రెండు కణాల వరసకూ ఆసరాగా ఉంటే అది చాలావరకు నిరపాయకరం. గీతలు తెగిపోయి, మూడు కణాల కన్నా మందంగా వరసలు పేరుకుపోయి ఉంటే కేన్సర్ అనుమానం బలపడుతుంది. కొవ్వు బాగా పట్టిన కాలేయంలో కేన్సర్ లేకుండానే ఈ పీచు పలచబడినట్టు కనిపిస్తుంది కాబట్టి దీన్నీ ఒంటరిగా నమ్మకూడదు. అయినా కాలేయ గడ్డకు ఖరీదైన యాంటీబాడీలు వేసి రెటిక్యులిన్ వేయని రిపోర్టు చూసినప్పుడు నాకు బాధ కలుగుతుంది.

ఇక అసలు మూడు మార్కర్లు. మొదటిది గ్లిపికాన్-3. ఇది గర్భస్థ శిశువు కాలేయంలో ఉండి, పెద్దవాళ్ల కాలేయంలో కనుమరుగయ్యే ప్రొటీన్. కేన్సర్‌గా మారిన కాలేయ కణం దాన్ని మళ్లీ తయారుచేస్తుంది. కాలేయ కేన్సర్‌ను గుర్తించడానికి ఇది పనికొస్తుందని 2003లో టొరంటో నుంచీ జపాన్‌లోని కుమమోటో నుంచీ పరిశోధనలు వెలువడ్డాక ఇది ప్రపంచమంతటా వాడుకలోకి వచ్చింది. మొత్తం మీద కాలేయ కేన్సర్లలో ఎక్కువ శాతం దీనికి పలుకుతాయి. కానీ మనకు అత్యవసరమైన చోట, అంటే కణాలు మంచివాటిలాగే కనిపించే తొలి కేన్సర్లలో, సుమారు సగం మాత్రమే పలుకుతాయి. మరోవైపు హెపటైటిస్-సి తీవ్రంగా ఉన్న కాలేయంలో, కేన్సర్ లేకపోయినా, తిరిగి పెరుగుతున్న కణాల్లో అక్కడక్కడ ఇది కనిపించవచ్చు. పాజిటివ్ అన్న మాటకు విలువ ఎక్కడ, ఎంతమేర, ఎంత గాఢంగా అన్న వివరంతోనే వస్తుందని చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు.

రెండోది హెచ్ఎస్‌పీ70. వేడి, ఒత్తిడి వంటివి కణాన్ని దెబ్బతీసినప్పుడు దాని ప్రొటీన్లు చెదిరిపోకుండా కాపాడే ప్రొటీన్ ఇది. తొలిదశ కాలేయ కేన్సర్లో దీని జన్యువు బాగా చురుగ్గా ఉంటుందని జపాన్ పరిశోధకులు 2003లోనే చూపించారు. మామూలు కాలేయ కణాల్లో దీనికి రంగు పడదు, పిత్తనాళాల కణాల్లో పడుతుంది. అదొక మేలు కూడా. స్లైడులో పిత్తనాళం గోధుమరంగులో ఉంటే పరీక్ష సరిగా పనిచేసిందని అర్థం, అదీ తెల్లగా ఉంటే ఆ స్లైడును పక్కనపెట్టి మళ్లీ చేయాలి.

మూడోదైన గ్లుటమిన్ సింథటేజ్ గురించి కొంచెం విడమరచి చెప్పాలి, ఎందుకంటే కాలేయ మార్కర్లలో అంతగా చదవడం నేర్చుకోవలసినది ఇంకొకటి లేదు. ఆరోగ్యకరమైన కాలేయం ముక్కను దీనితో పరీక్షించి సూక్ష్మదర్శిని కింద పెడితే, నీలం నేల మీద అక్కడక్కడ గోధుమరంగు వలయాలు కనిపిస్తాయి. ప్రతి వలయం నడుమ ఒక చిన్న ఖాళీ ఉంటుంది, అది కేంద్ర సిర. దాని చుట్టూ ఒకటి నుంచి మూడు వరసల కణాలకు మాత్రమే రంగు ఉండి, అక్కడితో గీత గీసినట్టు ఆగిపోతుంది. యూరియాగా మారకుండా మిగిలిపోయిన అమ్మోనియాను చివరి అంచెలో పట్టి గ్లుటమిన్‌గా మార్చే పని ఆ కొద్ది వరసలదే. కేన్సర్ గడ్డలో ఈ క్రమం పోయి, మైదానమంతా చిక్కని గోధుమరంగు పరుచుకుంటుంది. నిరపాయకరమైన ఫోకల్ నాడ్యులర్ హైపర్‌ప్లేసియా అనే గడ్డలో ఇదే రంగు దేశపటంలో దీవుల్లా, పెద్ద పెద్ద మడుగులుగా, ఒకదానితో ఒకటి కలుస్తూ, మధ్యలో ఖాళీలు వదులుతూ ఉంటుంది. సిరోసిస్ గడ్డలో వలయాల క్రమం తప్పి, అంచుల వెంట పలచగా ఉండవచ్చు. ఈ అన్నింటికీ ‘గ్లుటమిన్ సింథటేజ్ పాజిటివ్’ అని ఒకే మాట రాస్తే, ఆ రిపోర్టు చదివే వైద్యునికి ఏం తెలుస్తుంది? శస్త్రచికిత్స అవసరం లేని గడ్డకూ, కాలేయం మార్చవలసిన గడ్డకూ ఒకే మాట దక్కుతుంది. ఈ తేడా చెప్పని రిపోర్టు, పరీక్ష చేయనిదానితో సమానమని నా ఖచ్చితమైన అభిప్రాయం.

ఈ మూడింటినీ విడివిడిగా కాకుండా కలిపి చదవాలన్న పద్ధతి ఇటలీలోని మిలన్ నుంచి వచ్చింది. అక్కడి హ్యుమానిటాస్ సంస్థకు చెందిన లూకా డి టొమ్మాసో, మాసిమో రొంకాల్లి బృందం 2007లో సిరోసిస్ కాలేయాల్లోని గడ్డలపై ఈ మూడు మార్కర్లనూ వేసి చూసింది. ఏవైనా రెండు పాజిటివ్ అయితేనే కేన్సర్ అన్న నియమం పెడితే, కేన్సర్ కాని గడ్డ ఒక్కదాన్ని కూడా పొరపాటున కేన్సర్ అనలేదు. కణాలు మంచివాటిలా కనిపించే తొలి కేన్సర్లలో 72 శాతాన్ని పట్టుకుంది. తరవాత యూరప్ కాలేయ వైద్యుల సంఘం మార్గదర్శకాల్లోనూ ఈ మూడింటికీ చోటు దక్కింది.

ఆ 72 శాతాన్ని రెండువైపుల నుంచీ చూడాలి. మిగిలిన 28 శాతం కేన్సర్లు కూడా కేన్సర్లే, వాటిలో రెండు మార్కర్లు పలకలేదంతే. పైగా ఆ అధ్యయనం శస్త్రచికిత్సలో తీసిన గడ్డల మీద జరిగింది. సూదితో తీసిన సన్నని ముక్కల మీద అదే బృందం, ఇతరులూ పరీక్షించినప్పుడు, కేన్సర్ కానిదాన్ని కేన్సర్ అనకపోవడమన్న గుణం నిలబడింది గాని, ఉన్న కేన్సర్‌ను పట్టే శక్తి ఇంకా తగ్గింది. అందుచేత రెండు పాజిటివ్‌లు వస్తే కేన్సర్ అని ధైర్యంగా చెప్పవచ్చు. మూడూ నెగెటివ్ వస్తే కేన్సర్ లేదని మాత్రం చెప్పకూడదు. స్కాన్‌లో అనుమానం గట్టిగా ఉంటే మళ్లీ ముక్క తీయాలి, లేదా కొద్ది నెలల్లో మళ్లీ స్కాన్ చేయాలి. ‘నెగెటివ్ వచ్చింది కదా’ అని ఇంటికి వెళ్లిపోయి, ఏడాది తరవాత పొట్ట ఉబ్బి తిరిగి వచ్చినవారిని చూసినప్పుడు, రిపోర్టులో ఈ ఒక్క వాక్యం స్పష్టంగా రాసి ఉంటే ఎంత బాగుండేదో అనిపిస్తుంది. ఒక గడ్డ అయితే ఐదు సెంటీమీటర్ల లోపు, మూడు వరకు ఉంటే ఒక్కొక్కటి మూడు సెంటీమీటర్ల లోపు ఉన్నవారికే కాలేయ మార్పిడి బాగా ఫలిస్తుందని 1996లో మిలన్‌లోనే మరో వైద్య బృందం నిర్ధారించింది. ఆ హద్దు దాటకముందే కేన్సర్ అని చెప్పగలిగితేనే మా పనికి సార్థకత.

సీడీ34 గురించి కొద్దిగా చెబితే చాలు. ఇది కాలేయ కణాన్ని కాదు, దాని పక్కనున్న రక్తపు దారుల గోడను చూపిస్తుంది. మామూలు కాలేయంలో పోర్టల్ ప్రాంతాల చుట్టూ తప్ప ఇది కనిపించదు, కేన్సర్లో గడ్డంతా పరుచుకుంటుంది. అయితే నిరపాయకరమైన అడినోమాలో కూడా అలా కనిపించవచ్చు కాబట్టి ఇది సాయానికే గాని తీర్పుకు పనికిరాదు.

సిరోసిస్ లేని కాలేయంలో కథ మారుతుంది. ముఖ్యంగా వయసులో ఉన్న ఆడపిల్లల్లో, గర్భనిరోధక మాత్రలు చాలాకాలం వాడినవారిలో, కండల కోసం స్టెరాయిడ్లు తీసుకునే యువకుల్లో అడినోమా అనే గడ్డ వస్తుంది. దాన్ని కేన్సర్ నుంచి విడదీయడమే కాక, అందులో ఏ రకమో చెప్పడం కూడా ఇప్పుడు అవసరం. ఫ్రాన్స్‌లోని బోర్డో నగర పరిశోధకుల కృషి వల్ల ఈ రకాలు మనకు తెలిశాయి. కాలేయ కణాల్లో మామూలుగా ఉండే ఎల్-ఎఫ్‌ఏబీపీ అనే ప్రొటీన్ గడ్డలో మాయమైతే అది ఒక రకం, సాధారణంగా సాధువు. సీఆర్‌పీ, ఎస్ఏఏ అనే ప్రొటీన్లు పలికితే వాపు లక్షణాలున్న రకం. బీటా కెటనిన్ అనే ప్రొటీన్ కణకేంద్రంలో కనిపించి, గ్లుటమిన్ సింథటేజ్ చిక్కగా పరుచుకుంటే మాత్రం జాగ్రత్త, అది కేన్సర్‌గా మారే అవకాశం ఎక్కువున్న రకం. పురుషుల్లో అడినోమా కనిపిస్తే దాన్ని మరింత అనుమానంగా చూడాలి. ఇక్కడ ఎల్-ఎఫ్‌ఏబీపీ విషయంలో ‘నెగెటివ్’ అన్న మాటే రోగనిర్ధారణ చేస్తుందని గమనించండి. పాజిటివ్ అంటే చెడు, నెగెటివ్ అంటే మంచి అన్న లెక్క ఈ రిపోర్టుల్లో ఎందుకు చెల్లదో దీన్ని బట్టే తెలుస్తుంది.

కాలేయంలో కనిపించే కేన్సర్ కాలేయానిదే కానక్కర లేదు. పేగు, రొమ్ము, ఊపిరితిత్తి, క్లోమం నుంచి పాకి వచ్చినవి చాలా ఉంటాయి. వాటికి వేరే మార్కర్లున్నాయి. ఒక్క జాగ్రత్త చెబుతాను. ఊపిరితిత్తి కేన్సర్‌ను గుర్తించే టీటీఎఫ్-1 కణకేంద్రంలో పలికితేనే లెక్క. కొన్ని రకాల యాంటీబాడీలతో మామూలు కాలేయ కణాల్లో కేంద్రం వదిలేసి చుట్టూ ఉన్న భాగమంతా గోధుమరంగు పడుతుంది. అనుభవం లేని కన్ను దాన్ని పాజిటివ్ అంటే, కాలేయ రోగిని ఊపిరితిత్తి కేన్సర్ వార్డుకు పంపినట్టే.

అసలు ఈ గోధుమరంగు విషయంలోనే కాలేయం తక్కిన అవయవాల కన్నా మోసకారి. యాంటీబాడీ అతుక్కున్నచోట రసాయన చర్య వల్ల ఏర్పడే రంగు గోధుమ. కాలేయంలో పుట్టుకతో ఉండే పిత్తవర్ణకం, వయసుతో పేరుకునే లైపోఫ్యూసిన్, ఇనుము, ఇవన్నీ కూడా గోధుమరంగువే. లైపోఫ్యూసిన్ సరిగ్గా కేంద్ర సిర చుట్టూనే పేరుకుంటుంది కాబట్టి గ్లుటమిన్ సింథటేజ్ చదివేటప్పుడు కన్ను తప్పుదారి పట్టే వీలుంది. యాంటీబాడీ వేయని జోడీ స్లైడును పక్కన పెట్టుకుని చూస్తేనే ఏది అసలు రంగో ఏది ముందునుంచీ ఉన్నదో తెలుస్తుంది. బయోటిన్ ఆధారంగా పనిచేసే పాత పద్ధతి కిట్లు వాడితే మరో చిక్కు, కాలేయ కణాల్లో బయోటిన్ సహజంగానే సమృద్ధిగా ఉంటుంది కాబట్టి యాంటీబాడీ అతకని చోట కూడా రంగు వస్తుంది. పాలిమర్ పద్ధతి కిట్లు ఈ బెడద తప్పిస్తాయి. కాలేయం ముక్కకు పాత కిట్టు వాడటం ఇకనైనా మానుకోవాలి.

ఇదంతా ప్రయోగశాలలో జరిగేది. దానికి ముందే, ముక్క తీసిన గదిలోనే కొన్ని ముక్కలు పాడైపోతున్నాయి. తీసిన వెంటనే పదిశాతం బఫర్ ఫార్మలిన్‌లో వేయవలసిన ముక్కను సెలైన్‌లో వేసి సాయంత్రం దాకా ఉంచితే కణాలు కుళ్లిపోతాయి. బఫర్ లేని ఫార్మలిన్‌లో వేస్తే ఆమ్లం చేరి, ముక్క మీద నల్లని పొడి లాంటి రంగు పేరుకుంటుంది. రోజుల తరబడి ఫార్మలిన్‌లోనే మరిచిపోతే యాంటీబాడీ అతుక్కునే చోట్లు మూసుకుపోయి, ఉన్న మార్కర్ కూడా నెగెటివ్‌గా వస్తుంది. ఇలాంటి ముక్క మీద ఎంత ఖరీదైన యాంటీబాడీ వేసినా వృథా. రోగి పక్కటెముకల మధ్య సూది గుచ్చుకుని, రక్తస్రావం భయాన్ని భరించి ఇచ్చిన ముక్క అది. అడిగిన వెంటనే మళ్లీ ఇమ్మనే హక్కు మనకు లేదు.

ముక్క పంపే వైద్యులకు నా మనవి ఒకటుంది. ‘కాలేయ గడ్డ, పరీక్షించగలరు’ అన్న రెండు మాటల చీటీతో ముక్క పంపవద్దు. సిరోసిస్ ఉందా, హెపటైటిస్-బి, సి ఉన్నాయా, మద్యం అలవాటుందా, మధుమేహమూ కొవ్వు కాలేయమూ ఉన్నాయా, గడ్డలు ఎన్ని, ఎంత పెద్దవి, స్కాన్‌లో ఎలా మెరిసాయి, ఏఎఫ్‌పీ ఎంత, ఇవి రాసి పంపండి. వీలైతే గడ్డలోంచి ఒక ముక్క, గడ్డకు దూరంగా మామూలు కాలేయంలోంచి ఒక ముక్క తీసి వేరువేరు సీసాల్లో పంపండి. రెండూ పక్కపక్కన పెట్టుకుని చూస్తే, కణాలు ఎంత ఒత్తుగా ఉన్నాయన్న అతి చిన్న తేడా కూడా మాకు దొరుకుతుంది. తొలి కేన్సర్లో కణాల ఆ ఒత్తుదనం చుట్టుపక్కల కన్నా రెట్టింపు, అంతకు మించి కూడా ఉండవచ్చు.

నా తోటి పాథాలజిస్టులను కోరేది రిపోర్టు రాసే తీరు మార్చమని. మార్కర్ పేరు, పక్కన పాజిటివ్ లేదా నెగెటివ్ అని రాసి వదిలేయకుండా, ఏ కణాల్లో, ఏ భాగంలో, ఎంతమేర, ఏ తీరున రంగు వచ్చిందో ఒక్క వాక్యం రాయాలి. కంట్రోల్ స్లైడు, అంటే పరీక్ష సరిగా జరిగిందో లేదో చూడటానికి జతగా పెట్టే స్లైడు, పనిచేసిందో లేదో రాయాలి. గ్లిపికాన్-3కి మాయ (ప్లాసెంటా) ముక్కను కంట్రోల్‌గా పెట్టుకోవచ్చు, ప్రసూతి వార్డున్న ఏ ఆసుపత్రిలోనైనా అది దొరుకుతుంది. అన్నిటికన్నా ముఖ్యంగా, రిపోర్టు మొదట్లోనే తీర్పు ఉండాలి, ‘కాలేయ కేన్సర్’ అనో, ‘నిరపాయకరమైన గడ్డ’ అనో, ‘ఈ ముక్కతో తేల్చలేం, ఫలానా కారణం, ఫలానా పని చేయాలి’ అనో. తేల్చలేమని రాయడం తప్పు కాదు. తేల్చలేని సంగతిని మార్కర్ల పట్టికలో దాచడం తప్పు.

ప్రభుత్వాన్ని కోరేది ఒక్కటే. ప్రతి జిల్లా బోధనాసుపత్రికీ ఈ మూడు యాంటీబాడీలు కొనిస్తే సరిపోతుందని నేను అనను. నెలకు నాలుగైదు కాలేయ బయాప్సీలు వచ్చేచోట సీసాలు గడువు తీరి పారబోయవలసి వస్తుంది, రంగు చదివే కన్నుకూ సాధన చాలదు. దానికన్నా రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఒక్కో రాష్ట్రానికి రెండు మూడు కేంద్రాలను ఎంచుకుని, అక్కడ కాలేయ పాథాలజీలో అనుభవమున్నవారిని ఉంచి, జిల్లాల్లో తయారైన మైనపు బ్లాకులను అక్కడికి పంపే ఏర్పాటు చేయాలి. బ్లాకు చెడిపోదు, చల్లని పెట్టె అక్కర్లేదు, మామూలు కొరియర్‌లో మర్నాటికి చేరుతుంది. ఆరోగ్య పథకాల చెల్లింపుల్లో కాలేయ బయాప్సీ ఉన్నచోట రెటిక్యులిన్‌నూ ఈ మూడు మార్కర్లనూ పేరు పెట్టి విడిగా చూపితే, వాటిని వేయకుండా చవకైన రెండు మార్కర్లతో సరిపెట్టే అలవాటు తగ్గుతుంది.

పాఠకులకు చెప్పవలసింది కూడా ఆ బ్లాకు గురించే. పరీక్ష అయిపోయాక మీ ముక్క పారేయరు, మైనపు దిమ్మెలో పదిలంగా ఉంటుంది. రెండో అభిప్రాయం కోసం మళ్లీ సూది గుచ్చుకోనక్కర లేదు. రిపోర్టు ఇచ్చినచోట లిఖితపూర్వకంగా అడిగి బ్లాకునూ స్లైడ్లనూ రసీదు మీద తీసుకోండి, స్కాన్ ఫిల్ములూ సీడీతో సహా కాలేయ వైద్యునికి చూపించండి. రిపోర్టులో గ్లిపికాన్-3, హెచ్ఎస్‌పీ70, గ్లుటమిన్ సింథటేజ్ మూడూ వేశారా, ఎన్ని పలికాయి, రెటిక్యులిన్ ఎలా ఉంది అని అడగండి. వేయకపోతే అదే బ్లాకు నుంచి వేయించవచ్చు. సిరోసిస్ ఉన్నవారు ఈ రిపోర్టు ఏమన్నా సరే, ఆరు నెలలకోసారి అల్ట్రాసౌండ్ తీయించుకోవడం మానకూడదు.

భవదీయురాలు,
పాథాలజీ అధ్యాపకురాలు,
కాకినాడ